డొంకలో పట్టే బండి

ట్రాక్టరు కొనడానికి వచ్చిన రైతును అందరూ ముందు ఎన్ని ఎకరాలని అడుగుతారు. నేను పొలానికి దారి ఎటు అని అడిగేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా అనకాపల్లిలో ఒకే ట్రాక్టర్ల షోరూములో పనిచేశాను. కాగితాల మీద నా ఉద్యోగం పేరు మారుతూ వచ్చింది, పని మారలేదు. రైతు పొలానికి వెళ్లి, నడిచి చూసి, అతనికి ఏ బండి సరిపోతుందో చెప్పాలి. చెప్పిన బండిని అదే పొలంలో తిప్పి చూపించాలి.

షోరూములో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే నయమనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. పొలంలో నడిచేవాణ్ణి నేను. బండి నడిపేవాడు పైడిరాజు. షోరూములో డెమో డ్రైవరుగా నాతోపాటే చేరాడు, నేను రిటైరైన ఏడాదే అతనూ మానేశాడు. మొన్న వానాకాలంలో జ్వరమని ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. ఉండి ఉంటే, నేనిక్కడ రాసేదాంట్లో సగం తప్పని వాదించేవాడు. అతని వాదన కూడా నేనే రాయాలి ఇప్పుడు.

కర్ర సంగతి

మేం చేరిన కొత్తలో ఎస్. రాయవరం వైపు ఒక రైతుకి మా షోరూము నుంచి అన్నిటికన్నా పెద్ద ట్రాక్టరు వెళ్లింది. అమ్మినాయన సీనియరు, నోరున్న మనిషి. పొలం చూడకుండానే అమ్మాడు. రైతుకి భూమి బాగా ఉంది, అదీ ఒకే చెక్కగా ఉంది. ఈ జిల్లాలో అది అరుదు. అంత భూమికి అంత బండి ఉండాలని ఆయన బావమరుదులు పట్టుబట్టారట.

డెలివరీ రోజు బండి తిన్నగా పొలానికి వెళ్లలేదు. ఉప్మాక వెంకన్న గుడికి వెళ్లింది. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దండలు వేసి, చుట్టాలందర్నీ ట్రాలీలో ఎక్కించుకుని డప్పులతో ఊళ్లోకి వచ్చారు. నడుపుతున్నది పైడిరాజు. ఊరు దాటాక పొలాలకు వెళ్లే డొంక మొదలైంది. రెండు వైపులా తాటిచెట్లు, మధ్య ఎడ్లబండి పట్టేంత దారి. ముందు చక్రాలు వెళ్లాయి. వెనక చక్రాలు రెండు చెట్ల మధ్య ఆగిపోయాయి.

చెట్లు కొట్టేద్దామన్నారు. ఒక చెట్టు ఒకాయనది, ఎదురు చెట్టు ఇంకొకాయనది, రెండింటి మీదా కల్లు గీసే హక్కు మూడో ఆయనది. ముగ్గురూ ఒప్పుకోలేదు. చివరికి దండలతో ఉన్న బండిని పైడిరాజు ఊరిదాకా వెనక్కే నడిపించుకొచ్చాడు. డప్పులవాళ్లు ఆపాలో వాయించాలో తెలియక కొంతసేపు వాయించారట. దిగుతూ రైతుతో పైడిరాజు అన్న మాట ఆ చుట్టుపక్కల చాలాకాలం తిరిగింది.

“మామా, ఇది పొలానికెల్లదు గాని పెళ్లికి బాగా ఎలతాది.”

ఆ బండి హైవే పక్కన ఎవరిదో షెడ్డులో ఉండేది. కిరాయికి పరాయి పొలాలు దున్నేది. సొంత పొలాన్ని మాత్రం ఆయన అద్దె ఎడ్లతో దున్నించుకున్నాడు.

మర్నాడు నేనొక వెదురుకర్ర కోయించాను. షోరూములో అన్నిటికన్నా పెద్ద బండి వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు సరిగ్గా ఉండేలా. అన్నిటికన్నా చిన్న బండి వెడల్పు ఎంతో చూసి, ఆ కొలత దగ్గర కర్రకు ఎర్రగుడ్డ కట్టాను. అప్పటినుంచి ఏ పొలానికి వెళ్లినా ఆ కర్రను అడ్డంగా పట్టుకుని డొంకలో నడవడమే నా మొదటి పని. ఊళ్లలో నన్ను చూసి బాతులు కాసేవాడు వచ్చాడనేవాళ్లు. పైడిరాజు వాళ్లను ఆపకపోగా, బాతులు వెనకాల వస్తున్నాయని తనే చెప్పేవాడు.

పుస్తకంలో లేనివి

కంపెనీ వాళ్లు బండికో రంగుల పుస్తకం ఇస్తారు. చదవండి, తప్పులేదు. నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. దానివల్ల నాకు కలిగిన లాభం ఒకటే, ఏ వాక్యం తీసేస్తే నష్టం లేదో తెలుస్తుంది. ఆ రంగుల పుస్తకంలో హెచ్.పి., బరువు, వెడల్పు, ఎంత బరువు ఎత్తుతుంది అన్నవి ఉంచి మిగతావి తీసేయవచ్చు. ఆ అంకెలను పట్టుకుని పొలానికి వెళ్లాలి.

పొలంలో చూడవలసినవి ఎక్కువేం లేవు. నేల ఎంత లోతున గట్టిగా ఉందో గునపంతో పొడిచి చూడండి. గునపం దాని బరువుకే దిగిపోయే చోట పెద్దబండి కూడా దాని బరువుకే దిగిపోతుంది. చెరకు ఉంటే సాళ్ల మధ్య ఎంత జాగా ఉందో చూడండి. మొదటి పంట కొట్టాక మోళ్ల నుంచి మళ్లీ లేచే కార్శి తోటలోకి వెడల్పు చక్రాల బండి దించితే మోళ్లు నలిగి, పిలకలు చస్తాయి. దున్నేటప్పుడు గట్టు దగ్గర బండి తిరగడానికి చోటుందా? చెడిపోతే మెకానిక్కు ఎంతసేపట్లో రాగలడు? ఇవి తేలాక ఎకరాలు అడగండి.

మా వైపు రైతులు చేసే పొరపాటు ఒకటుంది. బండిని లాగుడు కోసం ఎంచుకుంటారు. చెరకు లోడు, ధాన్యం లోడు, ఇసుక లోడు. లాగుడు ఏడాదిలో కొన్నాళ్లే. మిగతా కాలమంతా బండి ఉండేది మట్టిలో. కొన్నాళ్ల లోడుకి వేరే బండి మాట్లాడుకోవచ్చు. అదును దాటిపోతున్నప్పుడు మాత్రం మట్టిలోకి వేరే బండి దొరకదు.

దీనితో పైడిరాజు ఎన్నడూ ఏకీభవించలేదు. అతనికి పెద్దబండి అంటే ప్రాణం. చిన్నబండి ఎక్కమంటే మొహం మాడ్చేవాడు. “పెద్దబండి కొంటే దారి అదే వత్తాది బావా,” అనేవాడు. మాకు చుట్టరికం లేదు. అతను అందరినీ బావా అనో మామా అనో పిలిచేవాడు. నన్ను మాత్రం ఒక్కరోజు కూడా వేరేగా పిలవలేదు.

షావుకారు గారు

మా షోరూము యజమానిది బెల్లం వ్యాపారం చేసిన కుటుంబం. అందరూ షావుకారు గారనేవాళ్లు. ట్రాక్టర్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువ, దాచుకునేవారు కూడా కాదు. బెల్లం మార్కెట్లో పెరగడం వల్ల ఒక అలవాటు మాత్రం ఉండేది. దిమ్మ పైన రంగు చూసి ఆగరు, బొటనవేలితో నొక్కి చూస్తారు. నేను పొలం నుంచి వస్తే అలాగే నొక్కేవారు. ఏం చూశావు, గునపం ఎంత దిగింది, ఎవరు చెప్పారు, నీ కళ్లతో చూశావా అని.

పెద్దబండి అమ్మితే ఆయనకు లాభం ఎక్కువ. వచ్చిన రైతు పెద్దబండి అడుగుతుంటే నేను చిన్నది చెప్పడం ఆయనకు చాలాకాలం మింగుడుపడలేదు. ఒకసారి అందరి ముందూ, నేను బేరాలు చెడగొట్టడానికే జీతం తీసుకుంటున్నానన్నారు. ఆ తరవాత కూడా నేను చూసింది చూసినట్టే చెప్పాను. ఆయనా నన్ను మానిపించలేదు. పై అధికారి గురించి చెప్పవలసింది ఇంతే. కోప్పడేవాడైనా ఫరవాలేదు, నిజం చెప్పినవాణ్ణి ఉంచుకునేవాడైతే చాలు.

రమణమ్మ పొలం

నా పనిలో ఒక్క కేసు మాత్రమే చెప్పమంటే ఇదే చెబుతాను.

రమణమ్మది తుమ్మపాల అవతల కాలవ కింద ఊరు. సొంత భూమి కొద్దిగా, కౌలు భూమి ఎక్కువ, అంతా కలిపి ముప్పై ఎకరాలకు పైగా ఒకే వరసలో సాగుచేసేవాళ్లు. మెరకలో చెరకు, పల్లంలో వరి. ఆ ఏడు ఆమె భర్త పోయాడు. ఎడ్లను తోలేవాడు లేక వాటిని అమ్మేసింది. కిరాయి ట్రాక్టర్లవాళ్లు ఊళ్లో అందరి పొలాలూ అయ్యాకే ఆమె పొలానికి వచ్చేవాళ్లు.

కౌలు భూముల యజమానులు పట్నాల్లో ఉంటారు. వాళ్ల తరఫున నాయుడుగారని ఒక పెద్దమనిషి చూసేవారు. అదే ఊళ్లో పెద్ద ట్రాక్టరున్న గోవిందు ఆ కౌలు తనకిమ్మని ఆయనను అడిగాడు. నాయుడుగారు రమణమ్మను పిలిచి ఉన్న సంగతి చెప్పారు. కాలవ నీళ్ల వంతు ముగిసేలోగా పల్లం మడులన్నిటిలో నారు నాటి ఊడ్పులు పూర్తికావాలి. ఒక్క మడి బీడు పడినా ఉగాదికి కౌలు గోవిందుది. ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె ఆయనను తప్పుపట్టలేదు. భూమి ఖాళీగా ఉంటే ఎవరైనా అదే అంటారంది.

తన మరిది సత్యాన్ని వెంటబెట్టుకుని షోరూముకి వచ్చింది. సత్యం లోపలికి వస్తూనే, గోవిందు బండికన్నా పెద్దది ఏదని అడిగాడు. నేను రమణమ్మను పొలానికి దారి ఎటని అడిగాను.

“దారి నేదు బాబూ,” అంది. “మా ఆయన ఉన్నప్పుడు అందరి మడుల్లోంచీ ఎల్లేవోళ్లం. ఆళ్లు ఊడిస్తే ఇంక డొంకే.”

కొత్తగా చేరినవాళ్లు ఈ మాట దగ్గర ఆగాలి. మా వైపు పల్లం పొలాల్లో ట్రాక్టర్లు ఒకరి మడిలోంచి ఇంకొకరి మడిలోకి దిగి వెళతాయి. ఎవరూ వద్దనరు. మడి ఊడ్చేదాకే ఆ దారి. ఊడ్చాక దాంట్లోకి ఎవరూ చక్రం దించరు, దించనివ్వరు. అందువల్ల చివర దున్నేవాడికి దారి మూసుకుపోతుంది. పెద్దబండి ఉన్నవాడు అందరికన్నా ముందు దున్నుకోవాలి, లేదా వచ్చే ఏటిదాకా ఆగాలి. డొంకలో పట్టే బండి ఉన్నవాడు తనకు కావలసిన రోజున దున్నుకుంటాడు.

నేనూ పైడిరాజూ వెళ్లి చూశాం. డొంక మొదటి మలుపులోనే కర్ర రెండు చివర్లూ మొగలిపొదల్లో ఇరుక్కున్నాయి. ఎర్రగుడ్డ దాకా కొలిస్తే మాత్రం అటో జానెడు, ఇటో జానెడు మిగిలింది. చిన్నబండే అన్నాను. సత్యానికి కోపమొచ్చింది. గోవిందు ముందు నవ్వులపాలవుతామన్నాడు. పైడిరాజు అతని పక్కనే నిలబడి, ఆ బండి మీద కూర్చుంటే మోకాళ్లు చెవులకు తగులుతాయని, అది ట్రాక్టరు కాదు గొర్రెపిల్ల అని వంతపాడాడు. ఆ రోజు అతని మీద నాకు నిజంగానే ఒళ్లు మండింది.

రమణమ్మ ముగ్గురి మాటలూ విని, నా చేతిలోంచి కర్ర తీసుకుంది. డొంకలో ఆ చివరిదాకా నడిచి, మళ్లీ వచ్చింది. మొగలిముళ్లు గీసుకుని చేతి మీద రక్తం కారుతోంది. “గుడ్డకాడికి పడతాది,” అంది సత్యంతో.

కాలవ వంతు

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. బోర్లున్నవాళ్లు ముందే మడులు బురదగా దున్ని దమ్ము చేసుకుని ఊడ్చేశారు. రమణమ్మ మడులకు కాలవ నీళ్లు వచ్చేసరికి చుట్టూ పచ్చగా ఉంది, మధ్యలో ఆమె పల్లం ఒక్కటే ఖాళీ. నారుమడిలో నారు ముదురుతోంది. కిరాయి బండ్లవాళ్లు దారి లేదని రాలేదు. ఇప్పుడా పొలానికి పిల్లి కూడా వెళ్లలేదని గోవిందు టీకొట్టు దగ్గర అన్నాడట.

బండి కొనే కాగితాలు అప్పటికి పూర్తికాలేదు. షావుకారు గారిని డెమో బండి అడిగాను. ఆయన ఎప్పటిలాగే నొక్కి చూశారు. డొంక నీ కళ్లతో చూశావా? చూశాను. మడులు పొడిచావా? పొడిచాను. దిగబడే చోటు ఉందా? ఉంది, చివరి మడి మధ్యలో. అది దిగబడితే అనకాపల్లిలో ఈ చిన్నబండిని ఇంకెవరూ కొనరని, అది గుర్తుపెట్టుకుని తీసుకెళ్లమని తాళం ఇచ్చారు.

తెల్లవారుతూనే డొంకలోకి దిగాం. దమ్ము చేసేటప్పుడు టైర్లకు తొడిగే ఇనపచక్రాలు బండికి తగిలిస్తే డొంకలో పట్టదు. వాటిని కర్రలకు కట్టి సత్యమూ ఇంకో ముగ్గురూ మోసుకొచ్చారు. నేను కర్ర పట్టుకుని ముందు నడిచాను. పైడిరాజు వెనకాల అంగుళం అంగుళం తెస్తున్నాడు. మలుపు దగ్గర మొగలిముల్లు భుజం గీరితే పొదను మామా అని పిలిచి తిట్టాడు. ఆ మలుపులో ఒక టైరు సగం గట్టు అంచు మీద నడిచింది. గట్టు చెదరలేదు. డొంక దాటి, రమణమ్మ ఎదురుచూస్తున్న మడి ఒడ్డున ఆగి, దిగి, వెనక్కి తిరిగి ఆ దారిని చూశాడు.

“బావా, ఇయ్యాల గొర్రెపిల్ల మీద వచ్చేను. ఓ రోజు ఇదే డొంకలోకి పెద్దబండి ఎక్కి వత్తాను. అప్పుడు కూడా నువ్వే కర్రట్టుకుని ముందు నడుద్దువుగాని.”

ఇనపచక్రాలు తగిలించుకుని మడిలో దిగాడు. పైమడులు చకచకా అయిపోయాయి. అతను ఒక మడి దాటగానే వెనకాల ఆడవాళ్లు నారుకట్టలతో దిగేవాళ్లు. వాళ్లకూ అతనికీ రోజంతా మాటల యుద్ధం. బండి పొట్టిది, బడాయి పొడుగు అని వాళ్లు. వంగినవాళ్లు నడుం ఎత్తకండి, బండి మీకన్నా ముందెళ్లిపోతుందని అతను. వంతు ముగిసే రోజు వచ్చేసరికి మిగిలింది చివరి మడి.

ఆ మడంతా ముందే గునపంతో పొడిచి చూసి, దిగిపోయిన చోటల్లా జిల్లేడు కొమ్మ పాతాను. పైడిరాజు వచ్చి, పొలానికి పూజ చేశావేమిటి అని ఎగతాళి చేశాడు. తరవాత నవ్వు ఆపి కొమ్మలను లెక్కించినట్టు చూశాడు. మధ్యలో మెత్తని చోటు నేననుకున్నదానికన్నా పెద్దదిగా ఉంది. దాని చుట్టూ తిరగడానికి గట్టు పక్కన చాలినంత జాగా లేదు. తిరగబోతే చక్రం ఊబిలోకే వస్తుంది.

నేను అక్కడ ఆపేద్దామన్నాను. మధ్య భాగం మనుషులతో పారలు పట్టి చేయిద్దామన్నాను. అంత పని ఆ పూటకు అయ్యేది కాదని నాకు తెలుసు. పైడిరాజు ఒప్పుకోలేదు. చుట్టూ తిరగకుండా తిన్నగా మీదనుంచే వెళతానన్నాడు. ఊబిలో బండి నడుస్తున్నంతసేపూ దిగదు, ఆగినప్పుడూ తిరిగినప్పుడూ దిగుతుందన్నాడు. పెద్దబండి అయితే తనే వద్దనేవాడినని, ఇది తేలిక అని అన్నాడు. అంతవరకూ ఆ బండి తేలికదనాన్ని అతను మెచ్చుకోవడం నేను వినలేదు.

మా వాదన తెగలేదు. గట్టు మీద రమణమ్మ నారుకట్ట చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పైడిరాజు ఆమె వైపు తిరిగాడు.

“ఏటి సెల్లెమా, పొమ్మంటావా?”

ఆమె కాలవ వైపు చూసింది. సాయంత్రానికి తూము మూస్తారు.

“ఆ మడి మిగిలితే అన్నీ పోయినట్టే అన్నయ్యా. పో.”

గేరు తగ్గించి, ఎదుటి గట్టు మీద ఒక తాటిచెట్టును గురి చూసుకుని దిగాడు. నా జిల్లేడు కొమ్మలను ఒక్కొక్కటే తొక్కుకుంటూ వెళ్లాడు. మధ్యకు వెళ్లేసరికి బురద ఇరుసుదాకా వచ్చింది. ఇంజను గొంతు మారింది. చాలామంది డ్రైవర్లు అక్కడ భయపడి క్లచ్ తొక్కుతారు, లేదా స్టీరింగు తిప్పుతారు. అతను రెండూ చేయలేదు. బండి నత్తలా నడిచింది, ఆగలేదు. ముందు చక్రాలు గట్టినేల మీదికి వచ్చాయి. ఆ తరవాత వెనక ఇనపచక్రాలు నల్లటి బురద గడ్డలు విసురుతూ పైకి లేచాయి.

గట్టు మీద ఒక ముసలామె అతన్ని తిట్టింది, అంతసేపు తన ఊపిరి ఆపించినందుకు. అతను పక్కకి జరిగి, అదే పద్ధతిలో తిన్నగా ఇంకో సాలు వేశాడు. మళ్లీ ఇంకోటి. ఊబి అంతా దమ్ము అయ్యాక నా దగ్గరికొచ్చి ఇంజను ఆపాడు.

“నీ గొర్రెపిల్ల గట్టిదే బావా.”

బండిని ఎంచింది నేను. ఆ మడిని దాటించింది అతను. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ పని జరిగేది కాదు. నా ఉద్యోగంలో నాకు అర్థమైన ముఖ్యమైన విషయం ఇదే. సరైన బండి అంటే సగమే. బండి ఎంచేటప్పుడు దాన్ని ఎవరు నడుపుతారో కూడా చూడాలి.

తూము మూసే వేళకు చివరి మడిలో చివరి కట్ట విప్పారు. నాయుడుగారు గొడుగు పట్టుకుని గట్ల మీద చివరిదాకా నడిచొచ్చారు. ప్రతి మడి దగ్గరా ఆగి చూశారు. రమణమ్మ బురదలోనే నిలబడి ఉంది.

“వచ్చే ఏడు కూడా నువ్వే చెయ్యమ్మా,” అన్నారు.

ఆమె తలూపి, చేతిలో మిగిలిన నారు ఊడ్చింది.

గోవిందు సంగతి కూడా చెప్పాలి. అతనిదీ పల్లంలో, బోరు కింద ఒక మడి మిగిలిపోయింది. పక్కవాళ్లు ఊడ్చేశారు, అతని పెద్దబండికి దారి లేదు. మర్నాడు తనే వచ్చి రమణమ్మను బండి అడిగాడు. ఆమె మాతో పంపించమంది. పైడిరాజు అతని మడిలో దిగుతూ, “మామా, పిల్లి రాలేదని గొర్రెను పంపింది మా సెల్లెమ్మ,” అన్నాడు. గోవిందు నవ్వేశాడు. తరవాత వాళ్లిద్దరూ టీకొట్టు దగ్గర ఎప్పుడూ కలిసే కనిపించేవాళ్లు.

తరవాత

రమణమ్మ ఆ బండే కొంది. కొత్తది వద్దు, డెమోలో తిరిగిన పాతదే ఇమ్మని ఆమే అడిగింది, ఊబి దాటిన బండి అదేనని. షావుకారు గారు ఈసారి నొక్కకుండానే సరే అన్నారు. ఆ ఏడు కాలవ కింద ఊళ్లలో చిన్నబండ్లు వరసగా వెళ్లాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా పొలం చూడకుండా పంపలేదు. నేనే వద్దని చెప్పినవాళ్లూ ఉన్నారు. మెరకలో వెడల్పు దారి, గట్టినేల ఉన్నవాళ్లకు చిన్నబండి అమ్మడం కూడా అంత తప్పే.

బండి నడపడం ఆమెకు పైడిరాజే నేర్పాడు. మెరకలో చెరకు కొట్టేసిన చేలో నేర్పేవాడు. క్లచ్ మీద నీ కోపమంతా పెట్టకు సెల్లెమా అని, గేరు అంటే మీ మరిది చెవి కాదు అంత గట్టిగా మెలిపెట్టడానికని ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు. ఆమె వింటూనే నేర్చుకుంది. కార్శి తోటలో సాళ్ల మధ్య ఆమె బండి నడుపుతుంటే పిలక విరిగేది కాదు. పైడిరాజు నడిపితే అప్పుడప్పుడు విరిగేది. ఆ సంగతి అతను ఒప్పుకోలేదు.

ఆమె ఇంకో పని చేసింది, నాకు తోచనిది. డొంక పక్క భూములవాళ్లు దున్నడానికి బండి అడిగితే వెళ్లేది, కిరాయి తీసుకునేది కాదు. బదులుగా వాళ్ల వైపు మొగలిపొదలు కొట్టి, గట్టు ఒక అడుగు లోపలికి జరుపుకోమనేది. కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లతో వాదించేది కాదు, మరుసటి ఏడు మళ్లీ అడిగేది. అలా ఏళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను. పైడిరాజు ఉన్నన్నాళ్లూ ఆ ఊరు వెళ్లినప్పుడల్లా డొంక చూసొచ్చి, ఇంకా రెండు గట్లు మిగిలాయి బావా అనో, ఒక్క గట్టు మిగిలింది అనో చెప్పేవాడు. పెద్దబండి వచ్చే దారి గురించి అన్నమాట. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఒక్క గట్టూ మిగిలి ఉండగానే అతను పోయాడు.

మొన్న చెరకు నరికే రోజుల్లో షోరూము నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఒకావిడ వచ్చి పెద్ద ట్రాక్టరు చూస్తోందని, ధర అడగకుండా మీ కర్ర అడుగుతోందని చెప్పాడు. వసారాలో దూలం మీద ఉంది కర్ర. ఎర్రగుడ్డ రంగు వెలిసిపోయింది. తీసుకుని ఆ ఊరు వెళ్లాను.

రమణమ్మ జుట్టు నెరిసింది. పాత బండి ఇంకా నడుస్తోంది, సత్యం నడుపుతున్నాడు. కౌలు పెరిగింది. చెరకు సాళ్లు వెడల్పుగా వేస్తున్నారు. లోడు కూడా సొంతంగానే తోలుకోవాలనుకుంటున్నారు. పెద్దబండికి పనుంది. ఇక దారి చూడాలి. కర్రను అడ్డంగా పట్టుకుని డొంకలోకి నడిచాను. మొదటి మలుపు దగ్గర, అప్పుడు మొగలిపొదల్లో ఇరుక్కున్నచోట, కర్ర రెండు చివర్లూ దేనికీ తగల్లేదు. ఆఖరి గట్టు ఈమధ్యనే జరిపారు, మట్టి ఇంకా కొత్తగా ఉంది. చివరిదాకా నడిచాను. నమ్మకం కుదరక వెనక్కి కూడా అలాగే నడిచి వచ్చాను.

పెద్దది తీసుకోమని చెప్పాను. పెద్దబండి కొంటే దారి అదే వస్తుందని పైడిరాజు అనేవాడు. చిన్నబండి దారి తెచ్చింది, ఆ దారిలో పెద్దబండి వస్తోంది. అతనుంటే, మొత్తానికి తనే గెలిచానని ఊరంతా చెప్పుకునేవాడు. ఈసారి నేను వాదించేవాణ్ణి కాదు.

డెలివరీ రోజు బండిని ఊళ్లోకి షోరూము కుర్రాళ్లే తెచ్చారు. డొంక మొదట్లో ఆపి దిగారు. రమణమ్మ చీర చెంగు దోపుకుని ఎక్కి కూర్చుంది. ఇంజను మోత కాసేపు విని, నన్ను చూసింది.

“కర్రట్టుకో అన్నయ్యా. పైడిరాజన్నయ్య అన్నట్టే నడు ముందు.”

కర్రతో పనేమీ లేదు. అయినా అడ్డంగా పట్టుకుని డొంకలో ముందు నడిచాను. వెనకాల పెద్దబండి వచ్చింది.